అన్నీ మానేశాను, ముక్కు మాత్రం తెరుచుకోలేదు

ప్రశ్న: నా వయసు 36. ఆరేళ్లుగా సైనస్‌తో అవస్థ పడుతున్నాను. పొద్దున్న లేస్తూనే వరసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ. రోజంతా గొంతులోకి కఫం జారుతూనే ఉంటుంది. నెలకు రెండు మూడు సార్లు చెంపలు, కనుబొమ్మలు లాగేస్తున్నట్టు నొప్పి వచ్చి ఒక పూటంతా చీకటి గదిలో పడుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్లుగా వాసనలు కూడా సరిగ్గా తెలియడం లేదు. పోయిన ఏడాది నాలుగు సార్లు యాంటీబయాటిక్స్ వాడాను. కఫం పెరుగుతుందని ఎవరో అంటే ముందు పాలు మానేశాను, తర్వాత గోధుమ, గుడ్లు. రక్తపరీక్ష చేయిస్తే 27 పదార్థాలు పడవని రిపోర్టు వచ్చింది. ఎనిమిది నెలలుగా అవన్నీ మానేశాను. ఆరు కిలోలు తగ్గాను కానీ ముక్కు అలాగే ఉంది. రాత్రి ముక్కులో చుక్కల మందు వేసుకుంటే తప్ప నిద్ర పట్టదు. ఇంకా ఏమేం మానేయాలి?

– ఒక పాఠకురాలు

సమాధానం: ఇంకేమీ మానేయకండి. అసలు మానేసినవాటిలో చాలావాటిని మళ్లీ పళ్లెంలోకి తెచ్చుకోవాల్సిన అవసరమే కనిపిస్తోంది. మీ ముక్కు సంగతి తేలాలంటే వంటింటిని కాసేపు వదిలేసి పడకగదిలోకి వెళ్లాలి. ఎనిమిది నెలలు నోరు కట్టుకున్న మీకు ఈ మాట చిరాకు తెప్పిస్తుందని తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనకు ‘పడదు’ అని ఒక మాట ఉంది. పాలు పడవు, దుమ్ము పడదు, ఆ మాత్ర పడదు. చక్కటి మాటే కానీ, ఒంట్లో జరిగే వేర్వేరు సంగతులన్నిటినీ ఈ ఒక్క మాటే మోస్తోంది. మీ ఉత్తరంలో తిరకాసంతా అక్కడే ఉంది.

అసలైన అలర్జీ అంటే, ఒంటి రక్షణ వ్యవస్థ ఏ హానీ లేని పదార్థాన్ని శత్రువుగా లెక్కగట్టి దాని కోసం ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకోవడం. ఆ పదార్థం మళ్లీ తగలగానే కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. తిండి వల్ల ఇలా జరిగితే నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో తెలిసిపోతుంది. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం లాంటివి వస్తాయి. కొంచెం తిన్నా వస్తాయి, దాదాపు తిన్న ప్రతిసారీ వస్తాయి. ఒళ్లంతా బాగానే ఉండి, ఒక్క ముక్కు మాత్రం ఏళ్ల తరబడి మూసుకుపోవడం అనేది తిండి అలర్జీలో చాలా అరుదు.

అరగకపోవడం వేరు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైము పేగుల్లో తగ్గితే పాలు తాగాక కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. అర గ్లాసు అయితే ఊరుకుంటుంది, రెండు గ్లాసులు అయితే ఊరుకోదు. ఇది పూర్తిగా పొట్ట వ్యవహారం, ముక్కుతో దీనికి చుట్టరికం లేదు. ఇక కారంగానో వేడివేడిగానో తింటుంటే ముక్కు నీళ్లలా కారడం ఉంటుంది కదా, అది నరాల పని. తినడం అవగానే ఆగిపోతుంది, తుమ్ములూ దురదా ఉండవు. దానికి చేతిరుమాలు చాలు. ఈ మధ్య హిస్టమిన్ ఎక్కువగా ఉండే పదార్థాలు, అంటే బాగా నిల్వ ఉంచిన చీజ్, వైన్ లాంటివి పడకపోవడం గురించి కూడా ఎక్కువగా వింటున్నాం. కొందరికి ఆ బాధ ఉండొచ్చు. కానీ ఇదే అని ఖాయంగా తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు.

మీరు పంపిన రిపోర్టు నకలు చూశాను. అందులో చేసింది ఐజీఈ పరీక్ష కాదు, ఐజీజీ పరీక్ష. ఒక్క అక్షరమే తేడా, అర్థం మాత్రం ఎక్కడికో పోతుంది. ఐజీజీ ఇంకో రకం యాంటీబాడీ. మనం తరచూ తినే పదార్థాలకు ఒంట్లో అది తయారవడం మామూలే. తిన్నారు అని చెబుతుందే తప్ప పడలేదు అని చెప్పదు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ 27 పేర్ల జాబితా మీ ఇంటి సరుకుల చీటీ. తిండి పడకపోవడాన్ని తేల్చడానికి ఈ పరీక్ష పనికిరాదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. అమెరికా, కెనడా సంఘాలదీ అదే మాట. అయినా ఇది అమ్ముడుపోతూనే ఉంది, ఎందుకంటే నలిగిపోయిన మనిషికి చేతిలో ఒక జాబితా ఉండటం గొప్ప ఊరట. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు.

పాల సంగతికి వస్తే, 1990లో ఆస్ట్రేలియాలో 60 మంది వలంటీర్లకు జలుబు వైరస్ ఎక్కించి, రోజూ ఎన్ని పాలు తాగారో రాసుకుని, ముక్కు స్రావాన్ని తూకం వేసి మరీ చూశారు. పాలకూ ముక్కు కారడానికీ సంబంధం కనిపించలేదు. మరి తాగగానే గొంతులో పేరుకున్నట్టు ఎందుకుంటుంది అంటారా? పాలు లాలాజలంతో కలిసి కాసేపు నోట్లో, గొంతులో చిక్కటి పొరలా అంటుకుంటాయి. అది కఫంలా తోస్తుంది, అంతే.

సరే, మరి మీ ముక్కుకు పడనిదేమిటి?

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పిన ముక్క ‘పొద్దున్న లేస్తూనే’ అన్నది. ఏడెనిమిది గంటల పాటు ముఖం దిండులో పెట్టి పడుకున్నాక వచ్చే తుమ్ములవి. రాత్రి తిన్నదానికన్నా రాత్రి పీల్చినదాన్ని ముందు అనుమానించాలి. పరుపుల్లో, దిండ్లలో దుమ్ము పురుగులు ఉంటాయి. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి, నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. మనకు అలర్జీ తెచ్చేది ప్రధానంగా వాటి మలంలోని ప్రొటీన్లు. వేరే చోటికి వెళ్లి వేరే పడక మీద నాలుగు రోజులు పడుకున్నప్పుడు మీ తుమ్ములు తగ్గాయా, పెరిగాయా? గుర్తుచేసుకోండి. తేడా కనిపిస్తే దారి దొరికినట్టే. గోడల మీద బూజు, బొద్దింకలు, పెంపుడు జంతువులు, ఒక కాలంలోనే ఎక్కువయ్యే పుప్పొడి, వీటినీ ఇలాగే గమనించాలి. పిల్లి ఇల్లు వదిలి వెళ్లిపోయినా దాని అలర్జీ కారకం నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది.

దీన్ని తేల్చడానికి సరైన పరీక్ష ఉంది. ముంజేతి మీద ఒక్కో చుక్క వేసి సూదితో అలా గీరి, పావుగంట ఇరవై నిమిషాల్లో ఏది దద్దురు కడుతుందో చూస్తారు. దానికి ముందు అలర్జీ మాత్రలు వారం దాకా ఆపమంటారు. ఆపలేనివాళ్లకు రక్తంలో ఐజీఈ చూస్తారు. ఒక్క జాగ్రత్త: దద్దురు కట్టినవన్నీ మీ శత్రువులు కావు. అది తగిలినప్పుడు మీకు నిజంగా బాధ కలుగుతోందా అన్నది కలిసిరావాలి.

దుమ్ము పురుగులే అని తేలితే దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. చల్లటి నీళ్లకు ఆ పురుగులు చావవు. పరుపుకూ దిండుకూ సన్నటి నేత ఉన్న జిప్ కవర్లు వేయండి. గదిలో తేమ 50 శాతం లోపు ఉండేలా, గాలి ఆడేలా చూసుకోండి. నిజం చెప్పాలంటే కవర్లొక్కటే కొని ఊరుకుంటే పెద్దగా లాభం కనపడదు, అన్నీ కలిపి చేయాలి.

అలర్జీకీ సైనస్‌కీ లంకె ఎక్కడుందో చెబుతాను, ఆ తర్వాత మందుల సంగతి తేలిక. ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటిని ముక్కులోకి కలిపే దారులు కొన్ని మిల్లీమీటర్లే. చెంపల్లోని పెద్ద గదికి ఆ చిల్లు అడుగున లేదు, పైన ఉంది. కుండకు మెడ దగ్గర చిల్లు పెట్టినట్టన్న మాట. నిలబడితే దానంతటది కారిపోదు. లోపల ఉండే సన్నటి నూగు లాంటి వెంట్రుకలు కఫాన్ని పైకి తోసి బయటకు పంపాలి. అలర్జీతో ముక్కు పొరలు ఉబ్బితే ఆ దారి ఇరుకవుతుంది, నూగు నీరసిస్తుంది, లోపలిది లోపలే నిలవ ఉండి చిక్కబడుతుంది. అందుకే సైనస్ మీద యుద్ధం అంటే ముందు ముక్కు పొరల వాపు తగ్గించడం.

ఇక మీ చుక్కల మందు. మీరు పేరు రాయలేదు కానీ, వేయగానే రెండు నిమిషాల్లో ముక్కు తెరిచేవి సాధారణంగా ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ రకాలు. సీసా మీద చూడండి. ఇవి రక్తనాళాలను బిగిస్తాయి. మూడు నుంచి ఐదు రోజులు దాటితే ముక్కు వీటికి అలవాటుపడి, మందు దిగిపోగానే ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. దాంతో మళ్లీ చుక్కలు. నేనూ ఒకప్పుడు ఏడాది పాటు ఆ సీసాను జేబులో వేసుకుని తిరిగినవాణ్నే. సీసా మరిచిపోయి బయల్దేరితే సగం దారిలోంచి వెనక్కి వచ్చేవాణ్ని. డాక్టరు నాతో మాన్పించిన పద్ధతి ఇది: ముందు ముక్కు పొరల వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించి, చుక్కలు ఒక్క వైపే ఆపమన్నారు. ఎడమవైపు ఆపాను. నాలుగు రాత్రులు నరకమే, కానీ కుడివైపు తెరుచుకుని ఉండేది కాబట్టి ఊపిరి ఆడేది. వారం పది రోజుల్లో ఎడమవైపు దారికొచ్చింది, అప్పుడు కుడివైపు ఆపాను. మీ దిబ్బడలో సగం ఈ చుక్కలే తెచ్చిపెట్టినా ఆశ్చర్యం లేదు.

స్టెరాయిడ్ అనగానే భయపడకండి. ముక్కులో కొట్టే మోతాదు బాగా తక్కువ, అందులో రక్తంలోకి చేరేది ఇంకా తక్కువ. చిక్కేమిటంటే ఇది చుక్కల్లా వెంటనే పనిచేయదు. పూర్తి ఫలితానికి రెండు వారాలైనా పడుతుంది, రోజూ వాడాలి. మూడు రోజులు కొట్టి పనికిరాలేదని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. కొట్టే తీరులో కూడా తప్పు జరుగుతుంది. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టాలి. అప్పుడు గొట్టం మధ్య దూలం వైపు కాకుండా బయటి వైపుకు, అంటే అదే వైపు చెవి దిక్కుగా తిరుగుతుంది. దూలానికి కొడితే నెత్తురు చారలు కనిపిస్తాయి. కొట్టాక గట్టిగా ఎగపీల్చకండి. గొంతులో మందు రుచి తగిలిందంటే అది ముక్కులో నిలవకుండా గొంతులోకి పోయినట్టు.

స్ప్రేకు ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడగడం మంచిది. లీటరుకు తొమ్మిది గ్రాములు, అంటే పావు లీటరుకు రెండు గ్రాములకు కాస్త పైన, అయోడిన్ కలపని ఉప్పు. చిటికెడు వంటసోడా కలిపితే మంట తగ్గుతుంది. వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీసుకుంటూ పై ముక్కులోంచి పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే వాడాలి, లేదా డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు నేరుగా వద్దు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు నేగ్లేరియా అనే అమీబా మెదడుకు చేరి చనిపోయారు. ఆ నీళ్లు తాగితే ఆ జబ్బు రాదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. ఇది బాగా అరుదు, నిజమే, కానీ నీళ్లు కాచడం పెద్ద పనేం కాదు కదా. ఆవిరి పట్టడం కాసేపు హాయిగా ఉంటుంది తప్ప జబ్బును తగ్గించదు, పైగా వేడి నీళ్ల గిన్నె ఒలికి కాల్చుకునేవాళ్లు ఎందరో.

ఇప్పుడు నాకు బాగా అనుమానం కలిగించిన సంగతి. నెలకు రెండు మూడు సార్లు, ఒక పూట, చీకటి గది. ఇది సైనస్ నొప్పిలా లేదమ్మా, మైగ్రెయిన్‌లా ఉంది. మైగ్రెయిన్‌లో చెంపలూ కనుబొమ్మలూ నొప్పి పెట్టొచ్చు, ముక్కు కారొచ్చు, దిబ్బడ వేయొచ్చు, అందుకే అందరూ మోసపోతారు. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో తమకు సైనస్ తలనొప్పి ఉందనుకుంటున్న 2,991 మందిని పరిశీలిస్తే 88 శాతం మందివి మైగ్రెయిన్ లక్షణాలే. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, వికారం, మెట్లెక్కితే నొప్పి పెరగడం ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే మందులే వేరు. ఇంకో సంగతి: వేళకు తినకపోవడం, ఆకలితో ఉండటం మైగ్రెయిన్‌ను రేపుతాయి. ఎనిమిది నెలల పథ్యం మీ తలనొప్పిని తగ్గించకపోగా పెంచిందా అన్నది మీరే లెక్క చూసుకోవాలి.

యాంటీబయాటిక్స్ గురించి రెండు ముక్కలు. చీమిడి పచ్చగా ఉన్నంత మాత్రాన బాక్టీరియా అని కాదు. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. పది రోజులు దాటినా తగ్గకపోవడం, లేదా తగ్గుముఖం పట్టి మళ్లీ తిరగబెట్టడం, లేదా మొదటి నుంచే 39 డిగ్రీల జ్వరంతో మూడు నాలుగు రోజులు చీము, ముఖం నొప్పి ఉండటం, ఇలాంటప్పుడే ఆ ఆలోచన.

వాసన తగ్గిందని ఒకే వాక్యంలో రాసి వదిలేశారు. దాన్ని అలా వదలొద్దు. ముక్కులో కండలు, అంటే పాలిప్స్, పెరిగితే ఇలా అవుతుంది. చెవి ముక్కు గొంతు డాక్టరు సన్నటి ఎండోస్కోప్‌తో చూస్తే తెలుస్తుంది. అప్పుడు ఒక ప్రశ్న తప్పక అడిగించుకోండి: ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్న గంట రెండు గంటల్లో ముక్కు బిగుసుకోవడం, ఆయాసం రావడం ఎప్పుడైనా జరిగిందా? పాలిప్స్, ఉబ్బసం, ఈ మాత్రలు పడకపోవడం మూడూ కలిసి ఉండే జబ్బు ఒకటుంది. అలాంటివాళ్లలో చాలామందికి ఒక గుటక మద్యానికే ముక్కు మూసుకుపోతుంది. వాళ్లకు నిజంగా పడనిది పళ్లెంలో ఉండదు, మందుల డబ్బాలో ఉంటుంది.

ఒక వైపే నెత్తురు రావడం, ఒక వైపే దుర్వాసనతో చీము (ఇది పై దవడ పంటి నుంచి కూడా రావచ్చు), ఇవి ఉంటే త్వరగా చూపించుకోండి. కన్ను వాచినా, ఒకే వస్తువు రెండుగా కనిపించినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక తిండి వెనక్కి తెచ్చుకోవడం. మానేసినవాటిలో ఏది తిన్నా ఎప్పుడైనా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చి ఉంటే దాన్ని ఇంట్లో ప్రయత్నించొద్దు, అలర్జీ నిపుణుల సమక్షంలోనే. మిగతావి ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. ముందు పాలు. మొదటి రోజు కొంచెం, రెండో రోజు కాస్త ఎక్కువ, మూడో రోజు మామూలుగా. నాలుగు రోజులు ముక్కు, పొట్ట ఎలా ఉన్నాయో పదికి మార్కులేసి రాసుకోండి. ఏ తేడా లేకపోతే అది మీదే, తర్వాతిది మొదలు. గోధుమ విషయంలో కడుపు బాధలు కూడా ఉంటే సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే జబ్బు) పరీక్ష అడగండి. ఆ పరీక్ష గోధుమ మానేసి ఉన్నవాళ్లలో తప్పు ఫలితం చూపిస్తుంది, అందుకని ముందు కనీసం ఆరు వారాలు రోజూ తిని ఉండాలి.

అలర్జీ ఖాయమై, స్ప్రేతో లొంగకపోతే అలర్జీ కారకాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటుచేసే, మూడేళ్ల పాటు సాగే ఇమ్యునోథెరపీ ఉంది, పాలిప్స్ ఉంటే ఆపరేషనూ కొత్త ఇంజెక్షన్లూ ఉన్నాయి. అవన్నీ తర్వాతి మాట. ఇప్పటికి మార్కులు రాసుకున్న ఆ పుస్తకం, రాత్రి వేసుకునే చుక్కల సీసా, తలనొప్పికి మింగే మాత్రల అట్ట, ఈ మూడూ సంచిలో వేసుకుని చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. 27 పేర్ల రిపోర్టు ఇంట్లోనే ఉండనివ్వండి.